ఎటు తిరిగి కూర్చుంటారండీ?

గౌతమి, వసిష్ఠ, వైనతేయ అని గోదావరి పాయల పేర్లన్నీ మా ఊరి గ్రంథాలయంలోనే నేర్చుకున్నాను. మాది అనంతపురం వైపు పల్లె. నిండా నీళ్ళున్న నదిని కళ్ళారా చూసింది మాత్రం మొన్న సెలవుల్లో, కోనసీమలోని ఒక లంక గ్రామంలో.

నేను దిగిన ఇల్లు చేపలు పట్టేవాళ్ళది. సాయంత్రం గట్టు మీద వల చిక్కులు తీస్తున్న ఇంటావిడ సత్యవతి గారికి ఆ పేర్లన్నీ అప్పజెప్పాను. ఆవిడ నవ్వేశారు.

"బాగా చదివారండీ! మాకైతే అన్నీ గోదారేనండి. ఇంతకీ మీ ఊరి గోదారి పేరేంటండి?"

ప్రతి ఊరికీ ఒక గోదారి ఉంటుందన్నట్టే అడిగారు.

"చిత్రావతండి. ఎప్పుడో తప్ప నీళ్ళుండవు. అంతా ఇసుకే."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "అయ్యో! మరి సాయంత్రం పూట ఎటు తిరిగి కూర్చుంటారండీ?"

తల తిప్పి చూశాను. గట్టు పొడుగునా కూర్చున్నవాళ్ళంతా నీళ్ళవైపే తిరిగి ఉన్నారు.

ఊరికి వచ్చాక సాయంత్రాలు నా కుర్చీ ఏటివైపు వేసుకుంటున్నాను. "ఆ ఇసకలో ఏముందప్పా సూసేకి?" అని పక్కింటి ఓబులేసు ఎగతాళి చేశాడు.

"ఏమీ లేదు. నీళ్ళొచ్చే పొద్దుకి మనం వీపు తిప్పుకోని కూచోనుంటే బాగుండదు గదప్పా" అన్నాను.