అరవై రెండు గంటలు చెరిపేసిన అమ్మ

రెండు వారాల కిందట మా పెద్దమ్మాయి నాతో గంటన్నర మాట్లాడలేదు. ఆ తర్వాత ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. ఈ రెండింటి మధ్య నేను సోఫా అంచున కూర్చుని, నలభై ఆరేళ్ల వయసులో, ఒక వీడియో గేమ్ గురించి కూతురికి క్షమాపణ ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటున్నాను. నవ్వకండి. టీ చల్లారకముందే మొత్తం చెప్పేస్తాను.

మాది సారపాక. పేపర్ మిల్లులో డాక్యుమెంట్ల సెక్షన్ నాది. మా ఆయన ప్రభాకర్ చండ్రుగొండ వైపు రైతులకు జామాయిల్ మొక్కలు ఇప్పిస్తుంటారు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో హాస్టల్. పెద్దది కీర్తన ఇంటర్ రెండో సంవత్సరం, చిన్నది అనూష తొమ్మిదో తరగతి. అంటే నేను పిల్లల్ని పెంచేది ఫోన్‌లోనే అన్నమాట. "తిన్నవా? పెరుగేసుకున్నవా? తల ఆరబెట్టుకున్నవా? ప్రార్థన చేసుకున్నవా?" ఈ నాలుగూ అడిగేసరికి వార్డెన్ "టైమైంది" అంటుంది. మిగతా భయాలన్నీ మళ్లీ ఆదివారం దాకా నా దగ్గరే ఉంటాయి.

కీర్తన దగ్గర చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్ ఒకటి ఉంది. వాళ్ల మేనమామ ఇచ్చాడు. హాస్టల్లో ఉంచుకోనివ్వరు. పోయినసారి సెలవులైపోయి వెళ్తూ దాన్ని నా బీరువాలో చీరల కింద పెట్టింది.

"అమ్మా, వారానికొకసారి ఛార్జింగ్ పెట్టు. గంతే. ముట్టుకోకు."

"నాకేం పని దాంతోని?" అన్నాను. అన్నప్పుడు అది నిజమే.

ఛార్జింగ్ పెట్టిన రోజు తెర మీద గేమ్ పేరు కనిపించింది. పేరు కనిపించాక లోపల ఏముందో తెలుసుకోకుండా నేను నిద్రపోగలనా? ఫోన్‌లో వెతికాను. ఆ గేమ్ ఆడినవాళ్లు అభిప్రాయాలు రాసుకునే తెలుగు గ్రూప్ దొరికింది. చదివాను. మొదటి పోస్టు నుంచి చివరిదాకా మొత్తం చదివాను.

సంగతేమిటంటే, అది ఒక పెద్ద గేమ్‌కి ముందు జరిగిన కథట. ప్రీక్వెల్ అంటారట. పెద్ద గేమ్‌లో ఊళ్లు తగలబెట్టే ముసుగు సేనాపతి ఉంటాడు. వాడు ముసుగు వేసుకోకముందు, తెవాన్ అనే పేరుతో కోట గేటు దగ్గర కాపలా కాసే కుర్రాడిగా ఉన్నప్పటి కథ ఇది. ఆడేవాళ్లు వాడిని నడిపించాలి, వాడితో కత్తి తిప్పించాలి, బలం పెంచాలి.

అభిప్రాయాలు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కో దిక్కు. "కథకు పదికి పది, కెమెరాకు సున్నా" అని ఒకరు. "చిన్న స్క్రీన్ గేమే కదా అని మొదలుపెట్టిన. లాస్ట్‌కు బస్సులో అందరి ముందు ఏడ్చిన" అని ఇంకొకరు. "వీడు విలన్ అయితడని ముందే తెలుసు, ఇంక సస్పెన్స్ ఏముంది?" అని ఒకాయన అడిగితే, కింద డెబ్బై మంది ఆయన మీద పడ్డారు. "తెవాన్ మంచోడు, పరిస్థితులు గట్ల చేసినయ్" అని సగం మంది, "పరిస్థితులు అందరికీ ఉంటయ్ బ్రో" అని సగం మంది.

నా కూతురు ఇన్నాళ్లుగా ఒక విలన్‌ని చెయ్యి పట్టుకుని పెంచుతోందా!

మా మిల్లులో శాంపిల్ చూడకుండా సరుకు గేటు దాటదు. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి, చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. కొత్త ఆట మొదలుపెట్టి నలభై నిమిషాలు ఆడాను. తెవాన్ గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఒక ముసలామె మేకను వెతికి తెచ్చాడు. పిల్లవాడు బుద్ధిమంతుడే. హమ్మయ్య అనుకుని, సేవ్ చేశాను.

అక్కడ మూడు ఫైళ్లు కనిపించాయి. మూడింటి పేరూ తెవానే.

ఇక్కడ మీకు నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. ఏ కాగితమైనా కొత్తది వచ్చిందంటే పాతది ఎక్కడా ఉండకూడదు. పాత కాపీ ఒక్కటి ఏ టేబుల్ మీద కనిపించినా ఆడిట్‌లో నా తల పోతుంది. పంతొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న పని అదే: తాజాది ఉంచడం, పాతవి తీసేయడం. ఒకే పేరుతో మూడు ఫైళ్లు చూసేసరికి నా చెయ్యి ఊరుకుంటుందా? తేదీలు చూశాను. ఒకటి ఈరోజుది. రెండు పాతవి.

పాతవి తీసేశాను.

మెషిన్ అడిగింది కూడా, నిజంగా తీసేయాలా అని. అవునన్నాను. తీసేస్తే తిరిగి రాదు, నిజంగానా అని మళ్లీ అడిగింది. ఎంత బాధ్యత గల మెషిన్ అని మెచ్చుకుంటూ మళ్లీ అవునన్నాను. తీసేసిన ప్రతిదీ రాసిపెట్టుకునే అలవాటు కాబట్టి, ఫైళ్ల మీద ఉన్నది ఉన్నట్టు డైరీలో రాసుకున్నాను కూడా: 'ఉత్తర ద్వారం, 61.50. ఉత్తర ద్వారం, 62.14.' ఆ అంకెలు ఏవో రివిజన్ నంబర్లు అనుకున్నాను.

సోమవారం క్యాంటీన్‌లో పప్పన్నం తింటూ గ్రూప్ తెరిచాను. ఎవరో రాశారు: "నాకు ఉత్తర ద్వారం చేరడానికి యాభై గంటలు పట్టింది. మీకెంత?"

గంటలు!

ముద్ద కంచంలో వదిలేసి, సంచిలోంచి డైరీ తీశాను. అరవై రెండు గంటల పద్నాలుగు నిమిషాలు. నా బిడ్డ సెలవులన్నీ కూర్చుని ఆడింది మొత్తం, నేను సంతకం పెట్టినంత శ్రద్ధగా చెరిపేశాను.

ఆదివారం ఫోన్‌లో చెప్పేద్దామంటే పరీక్షలు మొదలవుతున్నాయి. ఇరవై రోజులు. చెప్తే పిల్ల చదువు ఏమవుతుంది? చెప్పకపోతే నేనేమవుతాను? మా ఆయన సలహా మాత్రం చిటికెలో ఇచ్చారు.

"ఆ మెషిన్ ఖరాబయిందని చెప్పరాదు?"

"అబద్ధం చెప్పమంటారా?"

"మరైతే నువ్వే ఆడి, ఆ ద్వారం దాకా తీస్కపోయి పెట్టు" అన్నారు, ఎగతాళికి. నేను ఎగతాళిగా తీసుకోలేదు.

గ్రూప్‌లో పోస్టు పెట్టాను. "నమస్కారం. నా పేరు సుజాత. సారపాక. ఇద్దరు ఆడపిల్లల తల్లిని. పొరపాటున మా అమ్మాయి ఫైలు తీసేశాను. ఇరవై రోజుల్లో ఉత్తర ద్వారం చేరే మార్గం దయచేసి తెలుపగలరు."

పావుగంటలో నూట నలభై జవాబులు! "ఆంటీ సూపర్", "ఆంటీ, మా అమ్మకు ఈ పోస్ట్ చూపిస్తున్న", "సైడ్ పనులన్నీ వదిలేయండి", "వదిలేస్తే కథకు అర్థమే లేదు, వదలొద్దు". నా సంగతి మరిచిపోయి వాళ్లలో వాళ్లే రెండు గంటలు కొట్టుకున్నారు. చివరికి కొత్తగూడెం నుంచి 'బొగ్గుబావి' అనే పేరుతో ఉన్న ఒకాయన నన్ను శిష్యురాలిగా తీసుకున్నాడు.

పొద్దున ఐదుకు లేచి ఒక గంట, మిల్లులో భోజనం విరామంలో అరగంట, రాత్రి అంట్లు కడిగాక ఇంకో గంట. మొదటి తోడేలు నన్ను పదకొండు సార్లు చంపింది. బొగ్గుబావికి మొర పెట్టుకున్నాను.

"ఆంటీ, మందులు వాడుతున్నరా?"

"మందులెక్కడివి బాబూ?"

"ఊళ్లో ఇండ్లల్లకు పోయి కుండలు పగలగొడ్తె దొర్కుతయ్ గదా!"

"పరాయివాళ్ల ఇంట్లో కుండలు ఎందుకు పగలగొడతాం?"

ముందు ఒక దండం బొమ్మ పెట్టాడు. తర్వాత, "ఆంటీ, పన్నెండేండ్ల సంది గేమ్స్ ఆడుతున్న. ఈ మాట నన్ను ఎవరూ అడగలే" అన్నాడు. నేను మాత్రం పగలగొట్టలేదు. అడవిలో దొరికే ఆకులతోనే నెట్టుకొచ్చాను. దాని వల్ల నా ఆట గ్రూప్‌లో పేరు పొందింది. "సారపాక పద్ధతి" అని దానికి పేరు కూడా పెట్టారు.

ఇంతలో రెండో వారం గురువారం స్త్రీల ప్రార్థన కూటం వచ్చింది. మా దగ్గర ఒక ఆచారం ఉంది. పైకి చెప్పలేని బాధ ఉంటే "చెప్పలేని మనవి ఒకటుంది" అంటే చాలు, వివరం అడగకుండా అందరూ ప్రార్థిస్తారు. రెండో అధ్యాయం చివర పెద్ద సాలీడు దగ్గర నాలుగు రోజులుగా ఇరుక్కుపోయి ఉన్నాను. నిజాయితీగా చేయి ఎత్తి, "మా కీర్తన విషయంలో చెప్పలేని మనవి" అన్నాను.

మర్నాడు సాలీడు చచ్చింది. నేను సంతోషంగా ఉన్నాను. వివరం అడగకూడదన్నారు కానీ, ఓదార్చకూడదని ఎవరూ అనలేదు కదా! పాస్టరమ్మగారు వార్డెన్ నంబర్ సంపాదించి కీర్తనకు ఫోన్ చేశారు. "ధైర్యంగ ఉండు తల్లీ. మీ అమ్మ నోరు తెరిచి చెప్పలేకపోతంది గానీ, మేమందరం మీ ఇంటి కోసం ప్రార్థిస్తున్నం."

సాయంత్రం కీర్తన ఫోన్.

"అమ్మా, నీకేమన్న జబ్బా?"

"జబ్బేం లేదమ్మా."

"నాన్నకా?"

"నాన్న దుక్కలెక్క ఉన్నడు."

"మరేంది?"

"నువ్వొచ్చినాక ఎదురుగ చెప్తా."

ఇంతకన్నా భయంకరమైన జవాబు ప్రపంచంలో ఇంకొకటి లేదని ఫోన్ పెట్టేశాక అర్థమైంది. పరీక్షలయ్యాక సోమవారం రావలసిన పిల్ల, మరుసటి వారం ఆఖరి పరీక్ష రాసీ రాయగానే శుక్రవారం రాత్రే బస్సెక్కింది. శనివారం పొద్దున్నే కొత్తగూడెంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని పది దాటాక వస్తుందట. అంటే నాకు మిగిలింది ఆ ఒక్క పొద్దే.

ఉత్తర ద్వారానికి ఇంకో వంతెన దూరంలో ఉన్నాను. మా ఆయన టీ పెట్టారు, ఉప్మా కూడా కలిపారు. బొగ్గుబావి డ్యూటీ నుంచి వచ్చి నిద్ర మానుకుని గ్రూప్‌లో కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకు వంతెన దాటాను. తొమ్మిది నలభైకి ఉత్తర ద్వారం. సేవ్! మా హాల్లో నేనూ మా ఆయనా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగాం, నన్ను నమ్మండి.

అక్కడితో మెషిన్ కింద పెట్టేసి ఉంటే ఈ కథే లేదు.

గ్రూప్‌లో అందరూ మొదలుపెట్టారు: "ఆంటీ, ఇంతదూరం వచ్చి ఆగుతరా? తలుపు తీయండి! ఒక్కటే ఫైట్!" మా ఆయన భుజం మీది నుంచి తొంగి చూస్తూ, "ఎట్లాగూ పిల్లకు మిగిలింది ఇదొక్కటే గదా, అది కూడ చేసి పెడితే సంబరపడ్తది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. పిల్లకు పరీక్షల అలసట, పాపం. తలుపు తీశాను.

నాలుగోసారికి గెలిచాను. ఆ తర్వాత తెవాన్ మెల్లగా వంగి, కింద పడి ఉన్న ముసుగు తీసుకుని ముఖానికి పెట్టుకున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన కళ్లజోడు తుడుచుకునే నెపంతో వంటింట్లోకి వెళ్లారు. ఫైలు మీద నక్షత్రం గుర్తు పడి, 'పూర్తి' అని వచ్చింది. ఉత్తర ద్వారం ఫైలు ఇక లేదు. దాని మీదే ఇది రాసుకుంది.

అప్పుడే గేటు చప్పుడైంది. కీర్తన సంచి పడేసి నా మీద పడింది. "ఏమైందమ్మా? చెప్పు!"

చెప్పాను. మొదటి నుంచి, డైరీ చూపిస్తూ, అంకెలతో సహా. చెప్పి, మెషిన్ రెండు చేతులతో అందించాను. "పోయింది మళ్లీ తెచ్చినమ్మా. పూర్తి కూడ చేసిన."

తెర చూసింది. నక్షత్రం చూసింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ గంటన్నర అదే.

బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, ఆ ఫైట్ నాకు రాక ఆపిన అనుకున్నవా? రెండు నెల్ల సంది కావాల్నే ఆ తలుపు ముంగట ఆపి పెట్టిన. లోపలికి పోతే వాడు ముసుగేసుకుంటడు. పోకపోతే వాడు ఇంకా మంచోడే గదా. అందుకే గట్లనే ఉండనీ అనుకున్న."

ఆ పిల్లవాడు నా బిడ్డను చెడగొడతాడని నేను భయపడ్డాను. నా బిడ్డేమో వాడు చెడిపోకుండా రెండు నెలలు అడ్డం నిలబడింది. చివరికి వాడిని తలుపులోకి తోసింది నేను.

"తల్లీ, క్షమించు. నేను ముసుగు తీయించడానికి కూడ చూసిన. ఏ బటన్ నొక్కినా రాలే" అన్నాను.

అంతే! నవ్వీ నవ్వీ దానికి ఎక్కిళ్లు మొదలయ్యాయి. సోఫా మీద పడి దొర్లింది. అనూషకు ఫోన్ చేసి, నా 'సారపాక పద్ధతి' మొత్తం వినిపించింది. అటువైపు నుంచి హాస్టల్ గది గదంతా నవ్వడం నాకు ఇక్కడికి వినిపించింది.

వెళ్లేటప్పుడు మెషిన్ మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "మళ్లీ మొదలుపెట్టి, ద్వారం దాకా తెచ్చి ఆపు. కానీ అమ్మా, రోజుకు గంట కంటే ఎక్కువ ఆడొద్దు. కండ్లు పోతయ్. ఆదివారం ఫోన్ చేసి అడుగుత, నిజం చెప్పాలె."

నిన్న ఆదివారం చేసింది. తిన్నానా, పడుకున్నానా, అన్నీ అడిగింది. ఆఖరున, "ఈ వారం ఎన్ని గంటలు ఆడినవ్?" అంది.

"ఆరు" అన్నాను.

పదిహేడు. పుట్టి బుద్ధెరిగాక పిల్లలకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.