యూనుస్ పాతిన తెల్లరాళ్లు

పాల ప్యాకెట్ కొన్నా యూనుస్ దాన్ని రెండుసార్లు తలకిందులు చేసి చూస్తాడు. డాక్టర్ మాత్రలు రాసిస్తే ఆ చీటీ మూడు మందుల షాపుల్లో చూపిస్తాడు. ముగ్గురూ ఒకే మాట చెబితే, ముగ్గురూ కూడబలుక్కున్నారంటాడు. భార్య హుస్సేన్ బీ ముప్పై ఏళ్లుగా ఇదంతా భరిస్తోంది. ఆమె ఇంత ఓపిగ్గా ఎందుకుందా అన్నది కూడా ఆయనకు అనుమానమే.

ఊరికే పుట్టిన అనుమానం కాదులెండి. బొంగులూరు దగ్గర తండ్రి పొలం పక్కన ప్లాట్ల వెంచర్ వాళ్లు గోడ కట్టారు. హద్దురాళ్లు మాయమయ్యాయి, వాటితోపాటు రెండు గుంటల నేలా పోయింది. తండ్రి ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆ గోడ పక్కనే కూలబడి ఏడ్చాడు. అది చూసిన రోజు నుంచి, ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే యూనుస్ చెయ్యి జేబు తడుముకుంటుంది.

ఇప్పుడాయన సాగు చేసుకునేది మంచాల వెళ్లే దారిలో ఇరవై గుంటల జొన్నచేను. దాన్ని ఆనుకునే గోల్ఫ్ మైదానం వచ్చింది. అక్కడ గడ్డికి నీళ్లు పట్టే పని యూనుస్‌కే ఇచ్చారు. మైదానాన్ని గీసి కట్టిస్తున్నవాడు హేమచంద్ర, కోస్తా నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడ్డ కుటుంబం వాడు. మనిషి మెతక, మాట ఇంకా మెతక. యూనుస్‌కు అదే నచ్చలేదు.

ఒకరోజు హేమచంద్ర పచ్చటి గడ్డి నడుమ, సరిగ్గా బంతి వచ్చిపడే చోట, గొయ్యి తవ్వించి ఇసుక పోయించాడు. ఏపుగా పెరిగిన గడ్డిని తవ్వించేవాణ్ణి ఎలా నమ్మడం? యూనుస్ ఉండబట్టలేక అడిగేశాడు. హేమచంద్ర ఆయన్ని పక్కన నిలబెట్టుకుని ఓపిగ్గా చెప్పాడు. ఎడమవైపు మైదానం వెడల్పు. అటు కొట్టినవాడికి ఏ భయమూ లేదు, కాకపోతే బంతి చేరాల్సిన జెండా దూరమై ఒక దెబ్బ ఎక్కువ పడుతుంది. కుడివైపు గొయ్యికీ జొన్నచేనుకీ మధ్య సన్నటి సందు ఉంది. అటునుంచి కొడితే జెండా దగ్గర, గురి తప్పితే బంతి పోయినట్టే.

"నేను ఏ దారీ మూసెయ్యనండీ. రెండూ తెరిచిపెడతాను. మనిషి ఏది ఎంచుకుంటాడో చూడ్డమే ఈ ఆటలో అందం," అన్నాడు.

ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. యూనుస్ తన చేనుకు కంచె వెయ్యకూడదట. కంచె ఉంటే బంతి దానికి తగిలి ఆగిపోతుంది, ఇక ఎవరికీ భయముండదట.

యూనుస్‌కు వెంటనే ఉచ్చు గుర్తొచ్చింది. ఆయన తండ్రి ఒకప్పుడు కౌజుపిట్టలు పట్టేవాడు. పిట్ట వచ్చే దారిని ఎన్నడూ పూర్తిగా మూసేవాడు కాదు. ముళ్లకంప మధ్య ఒక సందు వదిలి, ఆ సందులోనే ఉచ్చు పెట్టేవాడు.

"సార్, గియ్యాల కంచె వద్దంటవ్, రేపు చేనే నాదంటవ్. గిసొంటియి మస్తు జూసిన," అని మొహం మీదే అనేశాడు. మీ చేను మీదేనని చెప్పి, హేమచంద్ర చిన్నబోయి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే యూనుస్ పన్నెండు రాళ్లకు సున్నం పూసి చేను అంచున పాతాడు. పాత గట్టు మీద కాదు, మైదానంలోకి ఒక గజం జరిపి మరీ పాతాడు. వాళ్లెలాగూ ఒక గజం మింగుతారు, అప్పటికి సరిపోతుందనుకున్నాడు. అది తప్పన్న ఆలోచనే రాలేదు.

హేమచంద్ర ఆ రాళ్లు చూసి సంతోషపడ్డాడు. ఈ ఆటలో హద్దుకు తెల్ల గుర్తులే పెడతారట, తనకు కావలసింది సరిగ్గా ఇదేనట. యూనుస్‌కు రెండు రోజులు అన్నం సయించలేదు. అవతలివాడు సంతోషపడ్డాడంటే తను ఎక్కడో మోసపోయినట్టే కదా. రాళ్లు కదిలాయేమోనని రోజూ పొద్దున్నే చూసుకునేవాడు.

మైదానం తెరవడానికి ముందురోజు ఆఫీసు గోడకు పెద్ద పటం తగిలించారు. యూనుస్ ముక్కు ఆనించి వెతికాడు. తన చేను పక్కన రెండు గీతలున్నాయి. తెల్లరాళ్లు ఉన్నచోట ఒక లావు గీత, దానికి ఇవతల, చేను వైపు, ఒక సన్న గీత.

"గీ సన్న గీత ఏంది సార్?" అని పక్కనే ఉన్న హేమచంద్రను అడిగాడు, తెలిసి తెలిసీ.

"మీ అసలు హద్దు. సర్వే కాగితం మొదటి నుంచీ నా దగ్గరే ఉందండీ."

"మరి రాళ్లు పాతిననాడే ఎందుకు జెప్పలే?"

"ఒక గజంతో నా ఆట చెడదు. ఉంచుతారో, జరుపుతారో మీ ఇష్టం," అని హేమచంద్ర జెండాలు పాతించడానికి వెళ్లిపోయాడు.

యూనుస్‌కు సిగ్గేసింది. బొంగులూరులో గోడ కట్టినవాడు కూడా ఇలాగే ఒక గజంతో మొదలుపెట్టి ఉంటాడు. ఆ గోడకు ఇవతల తండ్రి ఏడ్చాడు, ఇప్పుడు తను అవతల నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే గడ్డపార తీసుకెళ్లి పన్నెండు రాళ్లూ పెకలించి పాత గట్టు మీద పాతాడు. హుస్సేన్ బీ సున్నం బకెట్ పట్టుకుని వెంట నడిచింది. చివరి రాయి చుట్టూ మట్టి తొక్కి యూనుస్ కొలిచి చూసుకున్నాడు. సరిపోయింది. మళ్లీ కొలిచాడు. ఈసారి ఆయన అనుమానం తన మీదే.