యూరియా క్యూ రీస్టార్ట్ చేసిన రోజు

మౌస్ పట్టుకుని పనిచేసేవాళ్లంటే నాకు మొదట్నుంచీ కాస్త చిన్నచూపు. నల్ల తెర మీద ఒక్కో కమాండూ టైపు చేస్తేనే అది పని అనుకునే రకం నేను. ఆ పొగరుతోనే మా మామయ్య ఎరువుల కొట్టుకి మెసేజ్ క్యూ పెట్టాను.

మాది నందిగామ. మామయ్య కొట్టు జగ్గయ్యపేటలో. వానలు పడ్డాక యూరియా లారీ వచ్చిందని తెలిస్తే చాలు, పెనుగంచిప్రోలు నుంచీ వత్సవాయి నుంచీ జనం ఆటోల్లో దిగిపోతారు. కొట్టు ముందు తోపులాట.

"చదువుకున్నోడివి, ఏదైనా చెయ్యరా. ఆడాళ్లు ఎండకి పడిపోతన్నారు" అన్నాడు మామయ్య.

ఇంటి దగ్గర్నుంచే మెసేజ్ పెట్టించి, వంతు రాగానే మనమే కబురు పెడదామన్నాను. ఒక సర్వర్ అద్దెకు తీసుకుని, కొట్లో బస్తాల పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్‌లోంచి దాన్లోకి వెళ్లి కమాండ్లు కొట్టాను. కొట్టు ఫోన్‌కి వచ్చిన ప్రతి మెసేజూ వెళ్లి క్యూ చివర చేరుతుంది. గుమాస్తా బటన్ నొక్కితే అందరికంటే ముందున్నది బయటికొస్తుంది, ఆ రైతుకి "రండి" అని కబురు వెళుతుంది. వంతు నంబరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందే వచ్చి నిలబడతారని నా తెలివి. కొట్టు ఫోన్ నిండిపోకుండా, క్యూలో చేరిన మెసేజ్‌ని ఫోన్లోంచి చెరిపేసే ఏర్పాటు కూడా చేశాను. అదీ నా తెలివే.

సర్వర్ ఆగి మళ్లీ లేచినా క్యూ ఉండాలంటే, దాన్ని తయారుచేసేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. చెప్పాను. ఒకసారి ఆపి, లేపి, క్యూల జాబితా అడిగాను. పేరు భద్రంగా ఉంది. మామయ్యని పిలిచి గొప్పగా చూపించాను. ఆ పరీక్ష ఖాళీ క్యూతో చేశానని నాకు తట్టనే లేదు.

లారీ వచ్చిన రోజు పదింటికి, ఇంకా బస్తాలు దించుతుండగానే, సర్వర్ నత్తనడక మొదలుపెట్టింది. మా ఇంట్లో టీవీకైనా బోరు మోటారుకైనా ఒకటే వైద్యం, ఆపి మళ్లీ వెయ్యడం. అదే చేశాను. లేచాక జాబితా అడిగితే క్యూ పేరు ఉంది, పక్కన సున్నా ఉంది. క్యూని దాచమన్నాను గానీ, అందులో పడే మెసేజ్‌లని కూడా డిస్కులో రాసి పెట్టమని విడిగా చెప్పాలి. అది చెప్పలేదు. పొద్దున్నుంచి మెసేజ్ పెట్టి ఇళ్ల దగ్గర ఎదురుచూస్తున్నవాళ్ల వంతులన్నీ పోయాయి. వాళ్లెవరో తెలుసుకుందామంటే మెసేజ్‌లు ఫోన్లో కూడా లేవు.

"ఏమైందిరా?" అన్నాడు మామయ్య.

"నెట్‌వర్క్ ప్రాబ్లం మామయ్యా."

అంత తేలిగ్గా అబద్ధమాడగలనని నాకప్పుడే తెలిసింది. ఆయన నమ్మేసి, ఎదురుగా వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఇచ్చేశాడు. రెండింటికల్లా సరుకైపోయింది.

మూడింటికి వత్సవాయి నుంచి ఒకావిడ వచ్చింది. ఎకరం కౌలుకి తీసుకుని పత్తి వేసిన మనిషి. చేతిలో బటన్ ఫోన్.

"ఆరింటికే పెట్టానండి మెసేజి. ఇంకా కబురు రాలేదేంటా అని బస్సెక్కా" అంది.

సరుకు లేదని గుమాస్తా చెప్పాడు. ఆవిడ బస్తాలుండే ఖాళీ అరుగు వంక చూసింది. "వానపడి మూడ్రోజులైందండి. పదును ఆరిపోతే ఇంకేం ఉపయోగం" అని, ఫోన్ నా చేతికిచ్చింది. "నేనే ఏదో తప్పు నొక్కుంటా బాబూ. కాస్త చూసి చెప్పండి, ఈసారి సరిగ్గా నొక్కుతా."

చూశాను. పేరు, ఊరు, రెండు బస్తాలు. ఆరుగంటల నాలుగు నిమిషాలకి వెళ్లింది. ఒక్క అక్షరం తేడా లేదు.

"మీ మెసేజ్ వచ్చిందమ్మా. నేనే పోగొట్టాను. తప్పంతా నాది" అన్నాను. మామయ్య తలెత్తి నా వైపు చూశాడు.

ఆవిడ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

"లైన్లో అయితే మంచినీళ్లకి పోయినా, మా ముందున్నోళ్లకి చెప్పి పోతామండి, మీ యెనక నేనూ అని. మేం లేకపోయినా ఆళ్లు చెప్తారు, ఇక్కడొకావిడ ఉందీ అని. ఇంట్లో కూర్చుంటే ఎవురు చెప్తారండి?"

ఫోన్ తీసుకుని బస్టాండు వైపు నడిచింది. నేను ఆ సాయంత్రమే సర్వర్ సరిచేశాను. ఈసారి క్యూ నిండా ఉత్తుత్తి మెసేజ్‌లు వేసి, ఆపి, లేపి, అన్నీ ఉన్నాయని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

మళ్లీ లారీ ఐదో రోజున గానీ రాలేదు. ఒక్క మెసేజూ పోలేదు. ఆవిడ మెసేజ్ పెట్టలేదు. కొట్టు తెరిచేసరికి గుమ్మం ముందు ఒక్కతే నిలబడి ఉంది.

"పత్తి ఎలా ఉందమ్మా?"

"ఆకు పసుపెక్కిందండి. వేసి చూడాలి."

రెండు బస్తాలూ నేనే మోసి ఆటోలో వేశాను. ఇక మెసేజ్‌లు పోవమ్మా అని చెబుదామనుకున్నాను. ధైర్యం చాలలేదు.