పెరిగే పిల్లకి స్కీ బూట్లు

"నాన్నా, నువ్వెప్పుడూ నాకంటే పెద్దమ్మాయికి ఎందుకు కొంటావ్?"

తొమ్మిదేళ్ళ వయసులో ప్రిసిల్లా తండ్రిని అడిగిన ప్రశ్న ఇది. ఆ రోజు చలికోటు కొంటున్నారు. కోటు చేతులు పిల్ల వేళ్ళ కొసలు దాటి వేలాడుతున్నాయి. దేవకుమార్ నవ్వి, "నువ్వు పెరిగే పిల్లవి కదమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాటకి ఎదురు లేదు.

దేవకుమార్ పుట్టి పెరిగింది బాపట్లలో. అక్కడ జూన్ నెలలో బడి తెరిచే ముందు పిల్లలకి కాన్వాసు బూట్లు కొంటే బొటనవేలి ముందు రెండు వేళ్ళ ఖాళీ ఉండాల్సిందే. ఆ ఖాళీలో వాళ్ళమ్మ దూది కుక్కేది. మొదటి ఏడు బూటు నిండా దూది, మూడో ఏడు బూటు బయట బొటనవేలు. మధ్యలో ఏ నాలుగు నెలలో కాలూ బూటూ ఒకదానికొకటి సరిపోయేవి. దర్జీకి చెప్పేదీ అదే: "కాస్త పెరిగేట్టు కుట్టవయ్యా." దీనికి త్యాగమనీ పొదుపనీ పేర్లు పెట్టి మురిసిపోవడం మనవాళ్ళకి ఇష్టం. డబ్బు లేనప్పుడు అది పొదుపే, కాదనలేం. డబ్బు వచ్చాక కూడా వదలకపోతే దాన్ని అలవాటు అంటారు. అలవాటుకి దండలు వేయనక్కర్లేదు.

డబ్బు వచ్చిందనే చెప్పాలి. భార్య విమలకుమారి నర్సు. డెబ్బైల మొదట్లో ముందు ఆమే షికాగో వచ్చింది, ఆమె వీసా వెనక ఇతను వచ్చాడు. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదిరాడు. నేపర్‌విల్‌లో చిన్న ఇల్లు కొనుక్కుని, రోజూ రైల్లో సిటీకి వెళ్ళి వచ్చేవాడు. లిఫ్టు ఎక్కిదిగే పట్టాకీ, దాన్ని పట్టుకుని జారే చక్రానికీ మధ్య ఎంత సందు ఉండాలో వెంట్రుకవాసి తేడా లేకుండా గీసే మనిషి. సందు ఎక్కువైతే లిఫ్టు ఊగుతుందని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేవాడు కూడా. ఆ పాఠం ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

ప్రిసిల్లాకి పదమూడో ఏడు వచ్చింది. చదువులో మధ్యరకం. పియానో సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ప్రార్థన కూటంలో ఆ పిల్ల వాయిస్తుంటే పాడేవాళ్ళు గొంతు పెంచి ఆ తప్పుల్ని కప్పేసేవారు. అలాంటి పిల్ల, స్కూలు స్కీ క్లబ్బు బస్సెక్కి, రాష్ట్రం సరిహద్దు దాటి విస్కాన్సిన్‌లో ఒక గుట్ట మీదికి వెళ్ళి, అద్దె బూట్లు వేసుకుని, మంచు మీద జారడం మొదలుపెట్టిన రెండో నెలకల్లా తన ఈడు పిల్లలందర్నీ వెనక్కి నెట్టేసింది. ప్రపంచంలో ఒక చోట తాను ముందుంటానని ఆ పిల్లకి మొదటిసారి తెలిసింది. ఇంట్లో నడిచే నడకే మారిపోయింది. జనవరిలో జూనియర్ రేసు జట్టుకి ఎంపిక ఉంది. అద్దె బూట్లు పనికిరావు, సొంతవి తెచ్చుకోవాలన్నాడు కోచ్.

పక్క ఊళ్ళో బూట్లు కొలిచి అమర్చే దుకాణం ఒకటుంది. ముందుగా ఫోన్ చేసి టైము తీసుకోవాలి.

"బూట్లకి అపాయింట్‌మెంటా? వాడేమన్నా డాక్టరా?" అన్నాడు దేవకుమార్.

"డాక్టరే నయం" అంది ఫోన్ పెట్టేసి విమలకుమారి. "కాలిగోళ్ళు తీసుకుని రావాలట. పల్చటి సాక్సు ఒక్క జతే వేసుకోవాలట. పొద్దున్నే వద్దు, సాయంత్రం రండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుందన్నాడు. ఇంతకుముందు చీలమండ బెణికిందా, కాలు విరిగిందా, అన్నీ అడుగుతాడట. నా పెళ్ళిచూపులకి మీవాళ్ళు కూడా ఇన్ని అడగలేదు."

"అడిగి ఉండాల్సింది."

"చాల్లెండి. శనివారం నాకు ఆస్పత్రి డ్యూటీ ఉంది, మీరే తీసుకెళ్ళాలి. ఒక్కటే చెప్తున్నా, అతను ఏ సైజు చెప్తే అదే కొనండి. పెరిగే పిల్ల, తరిగే పిల్ల అని మొదలుపెట్టకండి."

"మూడేళ్ళయినా రావద్దూ?"

"పదమూడేళ్ళు దాటాక ఆడపిల్లకి పాదం అట్టే పెరగదండీ. నాది చూడండి. స్కూల్ ఫైనల్ చదివేటప్పుడు వేసుకున్న చెప్పుల సైజే ఇవాళ్టికీ."

దేవకుమార్ భార్య పాదాలవైపు జాలిగా చూశాడు. "నువ్వు అక్కడి గంజి తాగి పెరిగావు విమలా. ఇది ఇక్కడి పాలు తాగింది."

ఈ వాదనకి వైద్యశాస్త్రంలో జవాబు లేదు. విమలకుమారి డ్యూటీకి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం ప్రిసిల్లా కాలిగోళ్ళు తీసుకుంది. కొత్త సాక్సు వేసుకుని, దానికి ముడత పడకుండా కాళ్ళు చాపుకుని కారులో కూచుంది. చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. పాదాలు సిద్ధమయ్యాయి. ఇక పిల్ల నోటిని సిద్ధం చేసే పని దారిలో తండ్రి తీసుకున్నాడు.

"ప్రిసీ, ఆయన దేనికని అడిగితే, ఊరికే సరదాకి అని చెప్పు. రేసూ గీసూ అనకు."

"వై? రేసింగ్‌కి అని చెప్పమన్నారు కోచ్."

"రేసంటే ఖరీదైనవి అంటగడతారమ్మా. సరదాకి అంటే మామూలువి చూపిస్తారు."

"బట్ ఇది సరదా కాదు నాన్నా."

"నాకు తెలుసుగా. ఆయనకి చెప్పడానికి."

"ఓకే" అంది ప్రిసిల్లా. చిన్నప్పటినుంచీ పెద్ద కోట్లు తొడుక్కున్న పిల్ల. ఈ మాట కూడా తొడుక్కుంది.

దుకాణంలో ఆ పని చేసేవాడి పేరు గ్యారీ. శనివారం రద్దీ, వెనక బెంచీ నిండా జనం. పాదం కొలిచాడు, మడమ పట్టుకుని చూశాడు, ఒక జత తొడిగి బిగించాడు.

"టైట్‌గా ఉంది నాన్నా. వేళ్ళు ముందు తగులుతున్నాయి."

"మోకాళ్ళు ముందుకి వంచు" అన్నాడు గ్యారీ. వంచింది. వేళ్ళు వెనక్కి వచ్చాయి. "అలాగే ఉండాలి" అన్నాడతను.

దేవకుమార్‌కి ఆ మొదటి మాట చాలు. పిల్లకి బిగుతుగా ఉందంటోంది కదా, పెద్దది చూపించమన్నాడు. దాని తర్వాత ఇంకొంచెం పెద్దది అన్నాడు. రెండు సైజులు దాటాక ప్రిసిల్లా లేచి అద్దం దాకా నడిచి వెళ్ళి, "ఓ, సో కంఫీ!" అంది. స్కీ బూటు దుకాణంలో హాయిగా ఉందంటే మంచు మీద వదులని ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? గ్యారీకి తెలుసు. తండ్రి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"రేసులకి వెళ్తుందా?"

దేవకుమార్ కూతురివైపు చూశాడు. అబద్ధం తన నోటితో ఆడకుండా తప్పించుకున్నాననే తృప్తి కూడా ఆ క్షణంలో కలిగిందతనికి.

"నో" అంది ప్రిసిల్లా అద్దం దగ్గర్నుంచే. "జస్ట్ ఫర్ ఫన్."

గ్యారీ భుజాలెగరేశాడు. "సరదాకైతే మీ ఇష్టం. రేసుకైతే మాత్రం, మంచు మీద పెట్టకముందే పట్టుకురండి, మార్చిస్తాను" అని, పక్క బెంచీ మీదివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎంపిక రోజున దేవకుమార్ కూడా వెళ్ళాడు, గుట్ట కింద కంచె పట్టుకుని నిలబడ్డాడు. ప్రిసిల్లా రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకుని, బూటు కట్లు చివరి గంటుదాకా బిగించుకుని దిగింది. పడలేదు. పడి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. ప్రతి మలుపు దగ్గరా కాలు ముందు తిరిగింది, బూటు ఒక క్షణం ఆగి తిరిగింది. ఆ ఒక్క క్షణానికి, మలుపుకి గుర్తుగా పాతిన జెండా కర్ర దాటిపోయేది. మూడో మలుపు దగ్గరే దేవకుమార్‌కి అర్థమైంది. అతను బతికేదే ఆ సందుల లెక్క మీద. కంచె మీది చేతులు తీసి జేబులో పెట్టుకున్నాడు.

జాబితాలో పేరు రాలేదు. "అద్దె బూట్లతో ఇంతకంటే బాగా చేసింది. కంగారు పడినట్టుంది" అన్నాడు కోచ్. అప్పుడు నోరు తెరిచి రెండు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. కోచ్ చెడ్డవాడు కాదు. దేవకుమార్ థాంక్యూ చెప్పి కారు తీశాడు.

చాలా దూరం వచ్చాక ప్రిసిల్లా అంది: "ముందు ఏదో లక్‌తో బాగా చేశాననుకుంటా. నాకు అసలు రాదేమో."

చెప్పాల్సిన మాట నాలిక చివరదాకా వచ్చింది. ఆ మాట చెబితే తను ఏమవుతాడో కూడా దానితోపాటే కనిపించింది. దాన్ని మింగేసి దేవకుమార్ ఇలా అన్నాడు: "పోనీలే అమ్మా, సరదాకే కదా."

ప్రిసిల్లా కిటికీవైపు తిరిగింది. ఇల్లు వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఆదివారం ప్రార్థన కూటంలో అందరికంటే పెద్దావిడ కరుణమ్మ సంగతి విని పిల్ల తల నిమిరింది. "బాధపడకమ్మా. ఏం జరిగినా మన మేలుకే."

"ఎవరి మేలుకి, ఆంటీ?" అంది ప్రిసిల్లా.

అందరూ నవ్వారు. ఈ పిల్లలకి ఏ మాట ఎక్కడ అనాలో తెలీదని ఎవరో అన్నారు. దేవకుమార్ కూడా నవ్వాడు. ఇలాంటి ఓదార్పుల్లో ఒక సుఖం ఉంది. నేరం ఎవరిదో అడగాల్సిన పని ఉండదు. దేవుడి పేరు చెప్పి మనిషి మెల్లిగా పక్కకి జరగవచ్చు. దేవకుమార్ నెల రోజులు అలా పక్కనే ఉన్నాడు. ఆ నెలలో ప్రిసిల్లా స్కీ బస్సెక్కలేదు. నడక మళ్ళీ పాత నడకైంది. "మీరేమన్నా అన్నారా దాన్ని?" అని విమలకుమారి అడిగితే, "నేనేమంటాను?" అన్నాడు. అదీ నిజమే. ఏమీ అనలేదు.

ఫిబ్రవరిలో జట్టులో ఒక చోటు ఖాళీ అయిందనీ, మళ్ళీ చూస్తారనీ స్కూలు నుంచి కబురు వచ్చింది. దేవకుమార్ ఆఫీసు నుంచి తిన్నగా గ్యారీ దగ్గరికి వెళ్ళాడు. వాడిన బూట్లు వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు గ్యారీ. మొదట తొడిగిన ఆ బిగుతు జతే కావాలన్నాడు దేవకుమార్. దాని ఖరీదు నూట నలభై. చేతిలో ఉన్న అరవై ఇచ్చాడు, మిగతాది నెలకి ఇరవై చొప్పున ఇస్తానన్నాడు.

"సరదాకే అన్నారుగా?" అన్నాడు గ్యారీ.

"అప్పుడన్నాను. రేసుకే" అన్నాడు దేవకుమార్. ఆ మాట ఇంట్లో కంటే ముందు దుకాణంలో చెప్పాడు. ఏం చేస్తాం, అక్కడ సులువు.

మర్నాడు శనివారం. పొద్దున్నే వంటింటి బల్ల మీద పెట్టె పెట్టాడు. ప్రిసిల్లా మూత తీసింది. బూటు తిప్పి అడుగున అంకె చూసింది.

"ఇది చిన్నది నాన్నా."

"అదే నీ సైజమ్మా."

ఆ పిల్ల కాసేపు ఆ అంకెవైపే చూసింది. కొత్త బూట్లు ఎందుకొచ్చాయో, పాతవి ఏం చేశాయో అంతా ఆ అంకెలోనే ఉంది.

"అయితే ఆ రోజు... బూట్ల వల్లా?"

దేవకుమార్ తలూపాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"అక్కడే. కంచె దగ్గర."

"కార్‌లో నీకు తెలుసు." అది ప్రశ్న కాదు. "నేను నాకు రాదేమో అన్నప్పుడు నీకు తెలుసు."

"ఎలా చెప్పాలో తెలీలేదు ప్రిసీ. ఇప్పుడు మళ్ళీ ఎంపిక ఉందిగా. ఈ బూట్లతో వెళ్ళావంటే..."

"పేర్లు నిన్న సాయంత్రానికల్లా ఇవ్వాల్సింది. నేను ఇవ్వలేదు. ఎందుకివ్వాలి, నాకు రాదనుకున్నాను కదా." మూత పెట్టేసింది. "నువ్వూ అలాగే అనుకుంటున్నావనుకున్నా. అందుకే సరదాకి అన్నావనుకున్నా."

విమలకుమారి స్టవ్ ఆపేసింది. ఆమె ఏదైనా అంటుందని దేవకుమార్ ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. ఆమె పిల్ల భుజం మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే. సోమవారం అతను కోచ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆయన సానుభూతిగా విని, చోటు నిండిపోయింది, వచ్చే ఏడాది తప్పకుండా రమ్మనండి అన్నాడు. ఆ మరుసటి ఏడాది ప్రిసిల్లా వెళ్ళనంది. దేవకుమార్ బతిమాలాడు కూడా. "వద్దు నాన్నా" అని మాత్రం అంది, కోపం లేకుండా.

ఆ తర్వాత చెప్పుకోదగ్గ విషాదమేమీ జరగలేదు. పిల్ల హైస్కూలు ముగించింది, ఎనభై ఎనిమిదిలో అర్బానాలో కాలేజీకి వెళ్ళింది. సెలవులకి ఇంటికి వస్తుంది, తండ్రితో మామూలుగానే మాట్లాడుతుంది. తన బట్టలు తనే కొనుక్కుంటుంది. పాదం మాత్రం పదమూడో ఏట ఎంత ఉందో అంతే ఉంది. ఇక్కడి పాలు ఏమీ చేయలేదు.

కొత్త బూట్ల కంతు కట్టడానికి దేవకుమార్ మొదటి నెల వెళ్ళినప్పుడు గ్యారీ పలకరించాడు: "అమ్మాయి రేసులు ఎలా ఉన్నాయి?" బాగున్నాయన్నాడు దేవకుమార్. రెండో నెలా అదే ప్రశ్న, అదే జవాబు. మూడో నెల దుకాణం ముందు కారు ఆపి, దిగకుండా తిప్పుకుని వచ్చేశాడు. చెక్కు పోస్టులో పంపేయమంది విమలకుమారి. పంపితే ప్రశ్న తప్పించుకున్నట్టు ఉంటుందని పంపలేదు, వెళితే జవాబు చెప్పాలని వెళ్ళలేదు. గ్యారీ ఎప్పుడూ ఫోన్ చేసి అడగలేదు. ఆ బూట్ల మీద నలభై డాలర్లు ఇంకా బాకీ ఉంది.