ఎర్ర గీత దగ్గర ఆగిన ముల్లు

మేడం పోయారన్న కబురు మా రియాక్టర్ ఆపరేటర్ ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను మెదక్ బస్టాండులో ఉన్నాను. "మేడం ఇగ లేరన్నా. పొద్దుగాల దవాఖానల పానం పోయిందట," అన్నాడు. తర్వాత, "నువ్వు జర జల్ది రా," అన్నాడు. మందుల ముడిసరుకు ఉడికే పెద్ద ఉక్కు పాత్ర పక్కన నిలబడి పనిచేసే మనిషి అతను.

మేడం నర్సాపూర్ రోడ్డులోని మా చిన్న ఫ్యాక్టరీలో భద్రత చూసే కెమిస్టు. మెదక్ చర్చి వెనక వీధిలో కిరాయికి ఉండేవారు. నేను అదే ఫ్యాక్టరీ స్టోర్సులో రోజువారీ లెక్కలు రాసేవాణ్ణి. కంప్యూటర్లున్న గది ఒక్కటే కావడంతో మావి ఎదురెదురు బల్లలు. ఏళ్ల తరబడి అలా కూర్చున్నా మా మధ్య మాటలు తక్కువే. ఇద్దరికీ అది లోటుగా తోచలేదు.

ఒకరోజు ఆమె తెర మీద ఒక పదార్థం నిర్మాణాన్ని గీతలతో గీస్తున్నారు. అది మా దగ్గర ఇంకా తయారే కాలేదు. సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు తెలిసిన విలువలను కూడి, తయారయ్యేటప్పుడు ఎంత వేడి పుడుతుందో, వేడికి తట్టుకోలేక విరిగిపోతే ఎంత విరుచుకుపడుతుందో అంచనా చెప్పింది. కూడికలు నాకు రోజూ ఉన్నవే. ఇంకా పుట్టని దాని కోపాన్ని కూడికతో పట్టుకోవచ్చని మాత్రం అప్పుడే చూశాను. అలాగే నిలబడిపోతే ఆమె నవ్వారు.

"గట్ల దేవుణ్ణి చూసినట్టు చూడకుండ్రి. ఇది అంచనా, భరోసా కాదు."

ఆ సరుకుకే తెర మీద ఎర్ర హెచ్చరిక వచ్చింది. మేనేజర్ ల్యాబులో గాజు ఫ్లాస్కులో కొంచెం చేయించి చూశాడు, ఒప్పుకోలేదు. "ల్యాబుల ఫ్లాస్కు గోరువెచ్చగనే అయింది మేడం. మీ కంప్యూటర్ ఉత్తగ బెదిరిస్తున్నది."

ఆమె వాదించలేదు. చాయ్ వచ్చాక సాసర్లో కొంచెం పోసి, కెటిల్ మూత బిగించి పెట్టారు. కాసేపాగి, "రెండూ తాగి చూడుండ్రి సార్," అన్నారు. మేనేజర్ సాసర్లోది హాయిగా తాగాడు. కెటిల్లోది కప్పులో పోసుకుని అదే ఊపులో గుటక వేసి నాలుక కాల్చుకున్నాడు.

"సారుకు మంచిగ సమజైంది," అన్నాడు ఆపరేటర్ తలుపు దగ్గర్నుంచి.

"గాజు ఫ్లాస్కు సాసర్ లెక్క సార్, వేడి బయటికి పోతది. రియాక్టర్ కెటిల్. వేడి అండ్లనే ఉంటది," అన్నారు మేడం. తర్వాత ఆపరేటర్ వైపు తిరిగారు. "తమ్మీ, గిసుంటి బ్యాచుల రసాయనం రియాక్టర్లకు ఎట్ల పోస్తవ్?"

అతను తల గోక్కున్నాడు. "కాయితంల మెల్లగనే పొయ్యుమని ఉన్నది మేడం. కని సాయంత్రం కౌడిపల్లి బస్సు పోతే ఇంటికి పోవుడు మస్తు పరేషాన్. గందుకే ఆఖర్ల వాల్వు జర ఎక్కువ తిప్పుతం."

షిఫ్టులో అందరికీ తెలిసిన సంగతే. పైవాళ్లలో అడిగినవాళ్లు లేరు. మేడం కోప్పడలేదు. "మంచిగ చెప్పినవ్. సాఫ్ట్‌వేర్‌కు బస్సు టైం తెల్వదు గద," అని లెక్క మళ్లీ మొదలుపెట్టారు. తొందరగా పోసేటప్పుడు కరెంటు పోయి చల్లబరిచే నీళ్లు ఆగితే, లోపలి సరుకు దానంతట అదే విరిగిపోయేంత వేడెక్కుతుంది. ఆ ఒత్తిడికి పాత్ర నిలవదు. ఆ ఫలితాన్ని ఆమె మేనేజర్‌కంటే ముందు ఆపరేటర్‌కు చూపించారు. అక్కడ నిలబడేది అతనే కదా. ఈసారి మేనేజర్ ఒప్పుకున్నాడు.

బయటి ల్యాబులో వేడి కొలిపించాక, బ్యాచ్ పొద్దునే మొదలయ్యేలా మార్పించారు. వాల్వు ఎంత తిప్పినా ధార లావు కాకుండా పైపులో సన్నటి రంధ్రమున్న బిళ్ల పెట్టించారు. వేడిని చూపే పెద్ద గుండ్రటి మీటరు అద్దం మీద, లెక్క చెప్పిన అంకె దగ్గర, తానే ఎర్ర పెయింటుతో గీత గీశారు.

"కరెంటు పోతే పొయ్యుడు బంద్ చెయ్యి, దూరం జరుగు. ముల్లు ఈ గీత దాక ఎక్కుతది. దాటిందనుకో, చూసుకుంట నిలబడకు, ఉరుకు."

మొదటి బ్యాచ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. కలిపే మోటారు ఆగింది, చల్లనీళ్ల పంపు ఆగింది, జనరేటర్ అందుకోలేదు. ఆపరేటర్ వాల్వు కట్టేసి బయటికి వచ్చాడు. మేడం అందర్నీ గేటు దగ్గరికి పంపేశారు. దూరపు తలుపు దగ్గర ఆమె, ఆపరేటర్, పొమ్మన్నా కదలని నేను మిగిలాం. పోయడం ఆపినా ముల్లు ఎక్కుతూనే ఉంది. ఆపరేటర్ పెదాలు కదులుతున్నాయి. గీతకు కొంచెం ఇవతల ముల్లు నెమ్మదించింది. ఆగింది.

ఏసీ గదిలో కూర్చుని గీసిన బొమ్మ మాట ఆ ఉక్కు పాత్ర విన్నట్టు అనిపించింది.

"ఆగింది మేడం!" అన్నాడు ఆపరేటర్.

"దిగనియ్యి," అన్నారామె. ముల్లు వెనక్కి కదిలాకే కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

మేడంను మట్టి చేసి వచ్చిన మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లాను. రియాక్టర్ ఖాళీగా ఉంది. ఆపరేటర్ మీటరు అద్దం శుభ్రంగా తుడిచి, వెలిసిపోయిన గీత మీద సన్నటి కుంచెతో ఎర్ర రంగు దిద్దుతున్నాడు. నన్ను చూసినా చెయ్యి ఆపలేదు. దిద్దడం అయ్యాక, సాసర్లో చాయ్ మీద ఊదినట్టు, అది ఆరేదాకా మెల్లగా ఊదుతూ నిలబడ్డాడు.