ఫ్రెంచి హోటల్లో హారతి

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఇంట్లో అగ్గిపుల్ల గీయాలంటే ముందు నేనెక్కడున్నానో చూసుకునేవారు. నేను పెరట్లో ఉంటే వంటింట్లో పొయ్యి వెలిగేది. నేను ఇంట్లో ఉంటే వంటింటి తలుపుకి గడియ పడేది. పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదది. అంతకు ముందటి వేసవిలో రోలుగుంట దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఇళ్లు కాలిపోయాయి. అన్నీ తాటాకు ఇళ్లు, పైగా మిట్టమధ్యాహ్నం, వడగాలి. ఎవరి పొయ్యిలోంచో లేచిన రవ్వ ఒక వరసంతా తినేసింది. నేనప్పుడు లోపల నిద్రపోతున్నాను. కళ్లు తెరిచేసరికి పైన కప్పు లేదు, మంట ఉంది. అమ్మమ్మ కాలుతున్న తడిక తలుపుని వట్టి చేతులతో పీకి అవతల పారేసి, నన్ను ఈడ్చుకుని బయటపడింది. నాకు జుట్టు కొసలు కాలాయి, అంతే. ఆమె అరచేతులు రెండూ కాలిపోయాయి. పుళ్లు మానాక చర్మం బిగుసుకుపోయి వేళ్లు పూర్తిగా చాచడానికి వచ్చేది కాదు. ఇల్లు పోయింది కనక నర్సీపట్నంలో మా ఇంటికే వచ్చేసింది.

ఆ తర్వాత నాకు నిప్పంటే ఎంత భయమో చెప్పినా ఇప్పటి పిల్లలకి నవ్వులాట. బీడీ ముట్టించుకునే మనిషి ఎదురైతే చాలు, ఒళ్లు చల్లబడిపోయి చెవులు మూసుకుపోయేవి. దీపావళినాడు నన్ను గదిలో పెట్టి, మీద రెండు దుప్పట్లు కప్పి, అమ్మ పక్కన పడుకుంది. ఆ ఏడాది మా గుమ్మంలో ఒక్క ప్రమిద వెలగలేదు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే మా నాన్నగారు మంచివారే కాని ఓపిక తక్కువ. నలుగురిలో నేను కెవ్వుమంటే ఆయన ముఖం మాడిపోయేది.

అసలు చిక్కు బడి దగ్గర వచ్చింది. మా ఇల్లు బలిఘట్టం వైపు ఊరి చివర. బడికి వెళ్లే దారిలో చెరకు తోటలు, ఆ తోటల అంచునే బెల్లం వండే పాక. చెరకు నరికే రోజులు వచ్చాయంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ పొయ్యి మండుతూనే ఉంటుంది. పెద్ద పెనం కింద ఎండిన చెరకు పిప్పి తోస్తుంటే మంట పొయ్యి నోట్లోంచి బారెడు బయటికొచ్చేది. నాన్నగారు నన్ను సైకిలు మీద కూచోబెట్టి, కళ్లకి తువ్వాలు కట్టి తీసుకెళ్లబోయారు. కళ్లు కడితే సరా? ఆ చిటపటలు చెవిన పడగానే నడిచే సైకిలు మీంచి దూకేశాను. మోకాలు చీరుకుపోయింది. ఆ సాయంత్రం ఆయన, “ఈ యేడుకి బడి మానిపించీద్దాం, వచ్చే యేడు సూద్దాంలే” అన్నారు. ఆ వచ్చే యేడు ఎప్పటికీ రాదని నాకు తెలుసు. పక్కింటి అక్కని కూడా అలాగే ‘ఈ యేడుకి’ అనే మానిపించారు. ఆ అక్క మళ్లీ పలక పట్టలేదు, వాళ్ల గేదెల వెనకే ఉండిపోయింది. నాకు చదువంటే ప్రాణం. అయినా మంట దాటి చదువు దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు. ఆ రోజుల్లో నేను ఏడ్చినంత ఏడుపు మళ్లీ జన్మలో ఏడవలేదు.

అదిగో అప్పుడు మా మావయ్య దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. అమ్మకి తమ్ముడు, విశాఖపట్నంలో ఇంజనీరు. పెళ్లయి ఏడాది తిరిగిందట, అందరూ వస్తే పెద్ద హోటల్లో భోజనం పెట్టిస్తానన్నాడు. పెళ్లి చేసుకోవడం తెలుసు గాని పెళ్లిరోజు చేసుకోవడమనేది మా వైపు అప్పటికి ఎవరూ ఎరగరు. ఆ హోటలు సముద్రపు ఒడ్డున ఉంటుందని, అందులో అచ్చంగా ఫ్రెంచి వాళ్ల వంటలే పెట్టే హాలు ఒకటి ఉంటుందని అమ్మ పక్కిళ్లన్నిటికీ చెప్పుకుంది. అమ్మమ్మ తను రానంది. పట్నంలో పుట్టిపెరిగిన కోడలి ముందు, ఆ గొప్ప చోట, ఈ చేతులు పెట్టుకుని ఏం తింటానంది. తన అమ్మ రాకపోతే తనకి వేడుకే అక్కర్లేదని మావయ్య పట్టుబట్టాడు. సరేనని కదిలింది. బస్సులో ఆమె నా పక్కన కూచుని దారి పొడుగునా చేతులు పమిట చెంగు కిందే దాచుకుంది.

హోటలు గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. తలపాగా చుట్టుకున్న ఒక మీసాలాయన అద్దం తలుపు తీసి పట్టుకున్నాడు. లోపల్నుంచి చల్లగాలి మొహాన కొట్టింది. నేల మీద తివాచీ, తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇంకా చీకటి పడలేదు, అయినా ప్రతి బల్ల మీదా ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. అన్ని మంటలు ఒక్కచోట చూసేసరికి అమ్మ వెనక్కి నక్కాను. అత్త గబగబా వెళ్లి మా బల్ల మీద కొవ్వొత్తి తీయించింది. పాపం ఆవిడకి నా సంగతి ముందే చెప్పారు. నన్ను గోడ వైపు మొహం పెట్టి, మిగతా బల్లలు కనపడకుండా కూచోబెట్టారు. పక్కన అమ్మమ్మ. అయినా వెనక ఏవో వెలుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. వీపు మీద చీమలు పాకుతున్నట్టుంది.

ఇక భోజనం సంగతి చెప్పాలంటే అదొక ప్రహసనం. వంటల పేర్లు అత్తకే నోరు తిరగలేదు, ఇంక మాకేం తెలుస్తుంది? మంచివేవో మీరే తెమ్మని బేరర్‌కే ఒప్పజెప్పారు. బేరర్ శ్రీకాకుళం వైపు మనిషి, నడివయసు. వచ్చిన మాంసం ఏ జంతువుదో అని అమ్మ కంచం ముట్టదు. చివరికి ఆయన వంగి, “కోడేనమ్మా, నా పిల్లల మీద ఒట్టు” అన్నాక గాని ముద్ద దిగలేదు. ఫోర్కు ఎడంచేత్తో పట్టుకోవాలని మావయ్య చూపించబోతే నాన్నగారు, “ఎడం సేత్తో తినడమేటయ్యా?” అని విసుక్కుని చెంచా అందుకున్నారు. అమ్మమ్మ కాసేపు కంచం వైపే చూసి, ఎవరూ చూడట్లేదనుకున్నాక చెయ్యి బయటికి తీసి, రొట్టె తుంపి, ఆ పులుసులాంటి దాంట్లో అద్దుకుని తింది. అత్త అది చూసి, తన ఫోర్కు పక్కన పెట్టేసి తనూ చేత్తోనే తినడం మొదలుపెట్టింది. మంచి పిల్ల అని అమ్మమ్మ ఆవేళే తేల్చేసుకుంది.

చివర తీపి. అది కూడా బేరర్ చెప్పిందే. పల్చటి అట్లని నారింజ రసంలో వేసి బల్ల దగ్గరే వండి పెడతారన్నాడు. అట్లు అన్నాడు గాని నిప్పు అనలేదు. ఆయనకి అది రోజూ చేసే పని, చెప్పాలని తోచి ఉండదు. ఓ చిన్న చక్రాల బండి తోసుకొచ్చి నా కుడిపక్కనే ఆపాడు. దాని మీద స్పిరిట్ పొయ్యి, దాని చుట్టూ రేకు. లోపలి మంట నాకు కనపడలేదు. ఏదో కమ్మటి వాసన వస్తోందని తల తిప్పాను. సరిగ్గా అప్పుడే ఆయన సీసాలోంచి ఏదో వొంపి పెనాన్ని వాల్చాడు.

భగ్గుమంది. నీలం రంగు మంట, నా మొహం ఎత్తుకి లేచింది.

నేను అరిచానో లేదో నాకు తెలీదు. అరవలేదని అమ్మ తర్వాత చెప్పింది. కుర్చీలోంచి జారి బల్ల కిందికి పోయాను. తెల్లగుడ్డ నేల దాకా వేలాడుతోంది. లోపల మసక చీకటి, అందరి కాళ్లు. ఊపిరి అందటం లేదు. ఆ గుడ్డ అంటుకుంటుందని, అది నా మీద పడుతుందని, ఈసారి నన్ను లాగడానికి అమ్మమ్మ చేతులు పనికిరావని, అదే ఆలోచన. ఇవాళ్టికీ నాకు జ్వరం వస్తే కలలో ఆ తెల్లగుడ్డే వస్తుంది. నాన్నగారి గొంతు వినబడింది, “బయటికి రాయే, అందరూ సూస్తన్నారు” అని. అత్త ఏడుపు గొంతుతో ఆపెయ్యండి ఆపెయ్యండి అంటోంది. వెనక బల్ల దగ్గర ఎవరో నవ్వారు.

అప్పుడు అమ్మమ్మ కుర్చీ కదిలిన చప్పుడైంది. గుడ్డ కింది సందులోంచి ఆమె పాదాలు బండి వైపు వెళ్లడం చూశాను. ఆమె గొంతు మామూలుగా, మా వీధి గుళ్లో మాట్లాడినంత నింపాదిగా వినబడింది. “ఆర్పీకు బాబూ. ఉంచు. హారతి తీసుకుంతాను.”

తర్వాత అమ్మ ఎన్నోసార్లు చెప్పింది ఆ ముచ్చట. ఎప్పుడూ పదిమందిలో బయటికి తీయని ఆ చేతులు రెండూ చాచి మంట మీద పట్టిందట, కళ్లకద్దుకుందట. చెంగు ముడి విప్పి ఒక నాణెం తీసి పళ్లెం అంచున పెట్టిందట. బేరర్ పూజారి పట్టుకున్నట్టే ఆ పెనాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడట. అది సారాయి మంట అని నాన్నగారికి వాసన బట్టి తెలిసిపోయింది గాని, దేవుడి పేరు చెప్పి అద్దుకుంటున్న తన అత్తగారికి ఆ మాట చెప్పే ధైర్యం చేయలేదు.

నేను చూసింది మాత్రం వేరు. గుడ్డ పైకి లేచింది, అమ్మమ్మ మొహం కనపడింది. మా ఇళ్లలో హారతి దగ్గరికి రాలేని పసిపిల్లలకి, మంచం మీదున్న వాళ్లకి, పెద్దవాళ్లు ఆ వేడి తమ చేతుల్లో తెచ్చి కళ్లకి అద్దుతారు. ఆమె అదే చేసింది. బల్ల కిందికి వంగి ఆ రెండు అరచేతులూ నా కళ్ల మీద పెట్టింది. గరుకుగా ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి. మంటలోంచి వచ్చిన వెచ్చదనం నన్ను తాకడం ఆ వేసవి తర్వాత అదే మొదలు. అది నన్ను కాల్చలేదు. ఇంకోటి కూడా నాకు తెలిసింది. ఆ చేతులు వణుకుతున్నాయి.

మంట ఆరిపోయింది. మా అందరికీ ఒక పెనం చాలదని, ఇంకో వాయి వెయ్యాలో మానాలో తెలియక బేరర్ మావయ్య వైపు చూశాడు. అమ్మమ్మ నా వైపు చూసింది. రమ్మని అనలేదు. “ఇంకోపాలి ఎలిగిత్తాడట. నాను నిలబడతాను. నువ్వు నా ఎనక నిలబడతావేటి?” అంది.

ఎలా లేచానో తెలీదు. ఆమె చీర చెంగు పిడికిట పట్టుకుని వెనక నిలబడ్డాను. మళ్లీ భగ్గుమన్నప్పుడు మొహం ఆమె వీపుకి ఆనించాను, కాని పరిగెత్తలేదు. ముందు అత్త వచ్చి హారతి తీసుకుంది. తర్వాత మావయ్య, అమ్మ. చివరికి, ఆ నవ్విన బల్ల వైపు గుడ్లురుముతూ, మా నాన్నగారు. నేను అమ్మమ్మ నడుము పక్క నుంచి చేతులు చాచాను. మంటకీ నా వేళ్లకీ మధ్య ఒక మనిషి పట్టేంత దూరం ఉంది. వేడేమీ తగల్లేదు. అయినా ఆ చేతులే కళ్లకి అద్దుకున్నాను. ఆ అట్టు రుచి ఎలా ఉందో నాకు గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్న బస్సులో నర్సీపట్నం తిరిగొస్తుంటే అమ్మమ్మ ఒళ్లో తల పెట్టుకుని అడిగాను. అంత కాలిన దానివి, నీకు మంటంటే భయం లేదా అని. పెద్దవాళ్లు సాధారణంగా పిల్లలకి ధైర్యం చెప్పడానికి ఇలాంటి చోట అబద్ధమాడతారు. మా అమ్మమ్మ ఆడలేదు.

“ఎందుకు నేదు? పొయ్యి మీద కూర కలిపినప్పుడల్లా గుండె దడే. నిన్న కాళ్లు రెండూ పట్టు తప్పీసేయి. పడిపోతాననుకున్నాను. భయం పోవాలి, పోయేక సూద్దామంటే ఈ జల్మకి అవదే అమ్మా. అది ఉంతాది. దాన్ని ఉండనిచ్చి సేతులు సాపీడమే” అంది.

ఆ వేసవి నుంచీ అందరూ నాతో చెప్పింది ఒకటే మాట, భయపడకు అని. అది నా వల్ల కావట్లేదు కనక నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. భయపడుతూనే చెయ్యవచ్చని చెప్పిన మొదటి మనిషి ఆవిడే. కాలిన చేతులతో వంట చేస్తున్న మనిషి ఆ మాట అంటే నమ్మక ఏం చేస్తాను?

సోమవారం నాడు ఆమే నన్ను బడికి తీసుకెళ్లింది. బెల్లం పాక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఒకళ్ల చెయ్యి ఒకళ్లం గట్టిగా పట్టుకున్నాం. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పలేను. పొయ్యిలో పిప్పి తోస్తున్న మనిషి మమ్మల్ని చూసి కాసేపు ఆగాడు, మేము దాటాక మళ్లీ తోశాడు. దాటేశాక తుప్పల పక్కన కూచుని నేను వాంతి చేసుకున్నాను. ఆమె నా మొహం తుడిచి, “బేగి పద, గంట కొట్టీగల్రు” అంది. ఆ యేడు పరీక్షలు రాశాను. తర్వాత చదువు ఆగలేదు. చదివిందే నలుగురికి చెప్పి బతికాను.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. నాకు మనవలు. ఇప్పటికీ పొద్దున్నే గ్యాసు పొయ్యి ముందు నిలబడితే నా కుడిచెయ్యి వణుకుతుంది. ఇంతకాలమైనా ఇదేంటి మామ్మా అని పిల్లలు నవ్వి, మేం వెలిగిస్తాం జరుగు అంటారు. వద్దంటాను. ఆ వణుకు ఆగేదాకా ఉండను. వణుకుతున్న చేత్తోనే వెలిగిస్తాను, కాఫీ పెడతాను.