గ్లాస్గో బాబాయి ఇంగ్లీషు

టాటానగర్ అగ్రికో కాలనీలో మా క్వార్టరుకు రెండిళ్ల అవతల ఉండే ఆయన్ని బాబాయి అనేవాళ్లం. చుట్టమేమీ కాదు. నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చి అక్కడ దిగారు, అంతే. నాన్న ఉక్కు మిల్లులో చేరి మిల్లులోనే ఉండిపోయాడు. ఆయన్ని మాత్రం ఒక కాంట్రాక్టు కంపెనీ ట్రైనింగుకని గ్లాస్గో పంపింది. అక్కణ్ణుంచి ఆయన ఒక కోటు, ఒక దగ్గు, మాటల్ని సగంలో మింగేసే ఇంగ్లీషు పట్టుకొచ్చాడు.

డెబ్బైల చివర్లో ఆ కంపెనీలోనే టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం ఖాళీ పడింది. మిల్లు మంటకు నాన్న చూపు మందగించింది. పనిలోంచి తీసేస్తే క్వార్టరూ పోతుంది. ఇల్లు గడవాలంటే ఆ ఉద్యోగం నాకు రావాలి. నాన్న బాబాయిని బతిమాలి నన్ను ఆయన దగ్గర చదువుకు కూర్చోబెట్టాడు.

"ఐ డు నాట్" అన్నానో, అయిపోయానన్నమాటే. "మద్రాసు గుమాస్తాలా ఒక్కో మాటా పేర్చకు, డోంట్ అను" అని కసిరేవాడు. స్కూల్లో ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ నేర్పిన "ఐ హావెంట్ సీన్" అంటే పెదవి విరిచేవాడు. గ్లాస్గోలో "ఐవ్ నాట్ సీన్" అంటారట, అదే అసలు సరుకట. ఆవిడనడిగితే అలా మాట్లాడేవాళ్లు ఓడల్లో కళాసీలని ముక్కు చిట్లించింది. ఇద్దరి తాతలూ ఇంగ్లండులో ఎకరాలు వదిలిపోయినట్టు ఆ తగువు. అమ్మ పంపిన చేపలపులుసు గిన్నె నాకి మరీ "నాట్ బ్యాడ్" అనేవాడీయన. పిన్నిని తిట్టేటప్పుడు మాత్రం అచ్చం మా ఊరి తెలుగే, ఒక్క అక్షరం కూడా మింగేవాడు కాదు.

పరీక్ష అంటే ఫోన్ల బోర్డు ముందు కూర్చుని నిజం కాల్స్ తీసుకోవడమే. పక్కన పరీక్ష పెట్టే బెంగాలీ సాహెబు, ఆయన పక్కన కోటుతో బాబాయి. "హోల్డ్ ఆన్, ఐల్ పుట్ యూ త్రూ" అని నాలుగైదు కాల్స్ బాగానే కలిపాను. సాహెబు తలాడించాడు. అంతలో పిన్ని గొంతు.

"అమ్మీ, నువ్వేనేటి? మందుల షాపు నుంచి సేత్తన్నాను. మా అత్త బాత్రూములో పడిపోనాది, లెగట్నేదు. మీ బాబాయిని బేగి రమ్మను!"

ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, ఉన్నదున్నట్టు బాబాయికి తెలుగులో చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "టెల్ హర్ ఐమ్ నాట్ ఇన్" అన్నాడు. ఏం భాష అది అని సాహెబు అడిగితే, "ఏదో లోకల్ భాష, సర్" అన్నాడు ఇంగ్లీషులో. కిందపడ్డ కన్నతల్లి కంటే సాహెబు ముందు కోటు మడత నలగకపోవడం ముఖ్యమైంది ఆ మనిషికి. నాకు అసహ్యమేసింది.

"పిన్నీ, బాబాయి ఇక్కడే ఉన్నారు, వత్తన్నారు" అని ఫోనులో గట్టిగా చెప్పాను. తరవాత సాహెబు వైపు తిరిగి, "ఇన్‌కీ మా గిర్ గయీ హై, సాబ్" అని వాళ్లమ్మ పడిపోయిన సంగతి హిందీలో చెప్పేశాను. సాహెబు కంగారుపడి ఆయన్ని కంపెనీ జీపులో పంపించాడు.

ముసలావిడకు తుంటి విరిగింది. ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం బాబాయి మా గుమ్మంలోకి వచ్చాడు, కోటు ఇంకా విప్పలేదు.

"నీ కూతురికి ఇంగ్లీషు రాదు, అన్నా. పోస్టు ఇంకెవరికో ఇచ్చేత్తన్నారు. నేను సెప్పి సూసినాను."

ఏం చెప్పి ఉంటాడో అడగక్కర్లేదు. జరిగిందంతా నాన్నకు అప్పటికే చెప్పేశాను. అయినా నాన్న లేచి రెండు చేతులూ జోడించాడు.

"తప్పైపోనాది తమ్ముడూ. పిల్లది, తెలీక సేసింది. మనసులో ఎట్టుకోకు. ఇంకో పోస్టేదైనా ఉంటే..."

నేను వెళ్లి నాన్న చేతులు విడదీశాను.